నీలం కార్డు మీద మూడో పేరు

ఆ ఆదివారం పొద్దున టాబిత క్రెయిన్ వేసుకున్న పథకంలో చావులేవీ లేవు. పదిన్నరకి చర్చికి వెళ్ళి తన వంతు విజ్ఞాపన ప్రార్థన చదవాలి. ఆరాధన అయ్యాక వెనక హాల్లో అందరూ కాఫీ తాగుతున్నప్పుడు ప్రొఫెసర్ ఉర్సులా బెక్‌విత్‌ని పక్కకి పిలిచి థీసిస్ సమర్పణ కాగితం మీద సంతకం అడగాలి. నాలుగింటికి కాలేజీలో టీ వేళ డాక్టర్ జెర్వేస్ ఓల్డ్‌రాయిడ్‌ని పట్టుకుని ఆయన సంతకమూ అడగాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా ఆ కాగితం విశ్వవిద్యాలయం ఆఫీసులో ఇచ్చేయాలి. ఇవ్వకపోతే గడువు దాటిపోయి ఆమె పేరు కొట్టేస్తారు, నాలుగేళ్ళ చదువు గంగలో కలుస్తుంది.

ఆ చదువు కూడా అలాంటిలాంటిది కాదు. ఒక పక్క మొదటి జేమ్స్ రాజు కాలం నాటి పగ నాటకాలు. విషం పూసిన చేతి తొడుగులు, ముసుగులేసుకుని నాట్యం చేస్తూ పొడుచుకోవడాలు, ఐదో అంకం ముగిసేసరికి శవాలను పక్కకి లాగడానికి కూడా బతికున్న మనిషి మిగలకపోవడాలు. ఇంకో పక్క గత శతాబ్దపు ప్రొటెస్టెంట్ దైవశాస్త్రం, అందులో క్షమ గురించి పండితులు చెప్పిన మాటలు. పగ ఎక్కడ ఆగుతుంది, క్షమ ఎక్కడ మొదలవుతుంది అన్నది టాబిత ప్రశ్న. వెర్న్‌హమ్ లాంటి చిన్న కాలేజీ ఊళ్ళో ఇలాంటి ప్రశ్న వేసుకుని నాలుగేళ్ళు గడిపేయడం పెద్ద వింతేమీ కాదు.

చిక్కల్లా ఇద్దరు గైడ్లు ఉండటంతో వచ్చింది. పగ మీద నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఓల్డ్‌రాయిడ్ చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. క్షమ మీద మూడు లావుపాటి సంపుటాలు రాసిన బెక్‌విత్ మాత్రం పదకొండేళ్ళుగా ఆయనతో మాట్లాడటం లేదు. తన రెండో సంపుటంలో ఆవిడ ఒక పాత నాటకం గురించి రాస్తూ, పగ తీర్చుకున్నవాడు ఎక్కడా పశ్చాత్తాపపడడని తేల్చేసింది. ఓల్డ్‌రాయిడ్ తన పుస్తకంలో, పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, "ప్రొఫెసర్ బెక్‌విత్ ఐదో అంకం చదివినట్టు లేదు" అని ఫుట్‌నోట్ వేశాడు. తర్వాత తప్పు తెలుసుకుని క్షమాపణ చెబుతూ ఉత్తరం రాస్తే, ఆవిడ దాన్ని విప్పకుండా తిప్పి పంపింది. దాంతో ఆ మెతక మనిషి కూడా బిగుసుకుపోయాడు. అప్పటినుంచి భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ చెరో చివరా కూర్చుంటారు, ఉప్పు కావాలంటే మధ్యలో ఉన్న తొమ్మిది మంది చేతులు మారి రావాలి.

టాబిత కాగితం మీద సంతకాలకి రెండు గీతలున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఆయన పేరు కింద తన పేరు ఉండటానికి వీల్లేదని ఆవిడ అంది. ఆవిడ పేరు కింద సంతకం పెట్టేంత ముసలివాణ్ణి ఇంకా కాలేదని ఆయన అన్నాడు. కనీసం పై గీత మీద పెట్టమంటే, అవతలివాళ్ళు కింద పెడతారని రాసిస్తే చూద్దామన్నారు ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, అచ్చం అవే మాటల్లో. అలా మూడు వారాలుగా ఆ కాగితం టాబిత సంచిలో మడతలు పడుతోంది.

ఇక కార్డుల సంగతి. టాబిత పనంతా చిన్న చిన్న అట్ట కార్డుల మీదే నడుస్తుంది. దైవశాస్త్రం తెల్ల కార్డుల మీద, నాటకాల్లో చావులు నీలం కార్డుల మీద, ఎవరు చచ్చారు, ఎవరి చేతిలో, దేనితో అని. ఆ అలవాటు చేతికి ఎంత పట్టేసిందంటే, చర్చిలో చదవాల్సిన పేర్లు కూడా అలాగే రాసుకునేది. జబ్బుపడ్డవాళ్ళు తెల్ల కార్డు మీద, పోయినవాళ్ళు నీలం కార్డు మీద. వారం వారం ఆ పేర్లు ఊరంతా తిరిగి సేకరించి ఇచ్చేది ఎనభై మూడేళ్ళ మిసెస్ పెడ్లీ. శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇచ్చిన చీటీ చూసి టాబిత రెండు కార్డులూ రాసిపెట్టుకుంది. ఆ తర్వాత, థీసిస్ మొదట్లో వేసే కృతజ్ఞతల పేజీ కోసం పేర్లు రాద్దామని కూర్చుంటే తెల్ల కార్డులు అయిపోయాయి. ఒక్క జాబితాయే కదా అని నీలం కార్డు తీసుకుంది. ఆదివారం పది ఇరవైకి, కోటు ఒక చేతికి తొడుక్కుని, నోట్లో రొట్టె ముక్క కరుచుకుని, కార్డుల పెట్టెలోంచి తీసి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నది ఆ రెండో నీలం కార్డు.

జబ్బుపడ్డవాళ్ళ పేర్లు సాఫీగా అయిపోయాయి. పేర్లు చదివేటప్పుడు ఒకే గొంతుతో, ఒక్కో పేరు మధ్య మూడు అంకెలు లెక్కపెట్టుకుని చదవాలని ఆ చర్చిలో ఆనవాయితీ. టాబిత నోరు చదువుతోంది గాని మనసు కాఫీ హాల్లో ఉంది. "ఈ వారం ప్రభువునందు నిద్రించిన మన సహోదరీ సహోదరులను జ్ఞాపకం చేసుకుందాం" అని మొదలుపెట్టింది. మొదటి పేరు ఈడిత్ ఫ్రామ్లింగ్. ఆవిడ ఎక్కడో దూరాన నిక్షేపంలా ఉన్న టాబిత చిన్నప్పటి టీచరు, ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. రెండో పేరు బార్నబీ. బార్నబీకి ఇంటిపేరు లేదేమిటని టాబితకి లీలగా అనిపించింది. అది ఆమె అద్దెకున్న ఇంటావిడ పిల్లి. అయినా అలవాటుపడ్డ నోరు ఆగలేదు, మూడు అంకెలు లెక్కపెట్టి మూడో పేరు చదివేసింది.

"జెర్వేస్ ఓల్డ్‌రాయిడ్."

మూడో వరుసలో ఎవరిదో పుస్తకం కిందపడింది. టాబిత కార్డు వంక చూసింది. నాలుగో పేరు ఉర్సులా బెక్‌విత్. ఆ పేరు కంటపడగానే ఆమె నోరు అక్కడితో మూతపడింది. ఆ నాలుగో పేరు కూడా చదివేసి ఉంటే, మూడో వరుసలో బతికి కూర్చున్న ఆవిడే లేచి ఇదేమిటని అడిగేది, గొడవ అక్కడితో తీరిపోయేది. సమయానికి ఆగడమే టాబిత చేసిన తప్పు. పోనీ సర్దుకుని చెబుదామంటే, ప్రార్థన మధ్యలో "మన్నించాలి, ఆయన పోలేదు" అని చెప్పే పద్ధతి ఆ ప్రార్థన పుస్తకంలో ఎక్కడా రాసిలేదు. పాదిరి రెవరెండ్ పీల్ గొంతు సవరించుకుని అందరి తరఫునా ఆమెన్ అన్నాడు.

ఎవరైనా ఒక్కరు, "అయ్యో, ఎలా పోయారు, ఎప్పుడు పోయారు" అని అడిగి ఉంటే అయిపోయేది. కాని వెర్న్‌హమ్‌లో చావు గురించి అలా అడగటం ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టడంతో సమానం. కాఫీ హాల్లో జనం ఒక్కొక్కరే టాబిత దగ్గరికి వచ్చి భుజం తట్టి, గురువారం కూడా బాగానే కనిపించారని, వానలు కూడా ఎక్కువగానే ఉన్నాయని చెప్పి తప్పుకున్నారు. టాబిత చెబుదామని నోరు తెరిస్తే, ఏడుస్తుందేమోనని చేతిలో బిస్కెట్ పెట్టారు. ఈ వారం పేర్లలో ఈ పేరు తనెప్పుడు రాసిందో గుర్తురాక మిసెస్ పెడ్లీ ఒక మూల కూర్చుని తనలో తానే లెక్కపెట్టుకుంటోంది.

ఉర్సులా బెక్‌విత్ మనుషుల్ని తప్పించుకుని నేరుగా టాబిత దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఆ కాగితం ఉందా నీ దగ్గర?"

"ప్రొఫెసర్, ముందు నేనొక సంగతి…"

"ఇలా ఇయ్యి. ఆయన ఆఖరి స్టూడెంటువి నువ్వే."

ఆవిడ కాగితాన్ని కాఫీ బల్ల మీద పరిచి, కలం తీసి, కింది గీత మీద సంతకం పెట్టింది. పై గీత ఆయనకే వదిలేద్దాం, ఖాళీగానే ఉండనీ అంది. టాబితకి నోరు విప్పడానికి పది క్షణాలు దొరికాయి. ఆ పది క్షణాలూ ఆమె తడి ఆరని ఆ సంతకం వంక చూస్తూ ఉండిపోయింది. మూడు వారాలు కాళ్ళరిగేలా తిరిగినా రానిది అప్పనంగా వచ్చి పడింది. పదకొండో క్షణంలో చెబుదామని తలెత్తేసరికి ఆవిడ హాలు చివర టెలిఫోన్ దగ్గరికి వెళ్ళిపోయింది. కాలేజీ గేటు గదికి ఫోన్ చేసి, జెండా సగానికి దించమని చెబుతోంది.

కాలేజీ అధ్యాపకులెవరైనా పోతే గేటు మీది బురుజుపై జెండా సగానికి దించడం, ఆ సాయంత్రమే కాలేజీ ప్రార్థన మందిరమైన చాపెల్లో వాళ్ళని తలుచుకుంటూ ఆరాధన జరపడం మూడువందల ఏళ్ళ ఆచారం. జెండా పని గేటు గది పెద్ద మిస్టర్ నటల్‌ది. ప్రొఫెసర్ మాట చాలు, ఆయన ఎవరు ఏమిటని అడగడు, దించుతాడు, దించి అయిదు నిమిషాలు టోపీ తీసి నిలబడతాడు. టాబిత పరుగున గేటు దగ్గరికి చేరేసరికి జెండా సగంలో వేలాడుతోంది. నటల్ పైన బురుజు మీద బోడితలతో, వీపు ఇటు తిప్పి, బొమ్మలా నిలబడి ఉన్నాడు. ఆమె చేతులూపింది. ఆయన తిరగలేదు.

ఆర్చి కింద ఇంకో మనిషి కూడా టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఏటి ఒడ్డున ఆదివారం నడక ముగించుకుని వచ్చిన డాక్టర్ ఓల్డ్‌రాయిడ్. పోయిందెవరో ఆయనకి తెలియదు. నోటీసు బోర్డు చూడకుండా అడిగితే బాగుండదని మర్యాదగా నిలబడ్డాడు. టాబితని చూడగానే ఆయన చూపు ఆమె చేతిలోని కాగితం మీద పడింది. పై గీత ఖాళీ. కింది గీత మీద ఉర్సులా బెక్‌విత్ సంతకం.

ఆయన కాగితం అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆవిడ కింద పెట్టింది" అన్నాడు. "బతికుండి ఆ మనిషి ఈ పని చేయదు. పోయేముందు పెట్టి ఉంటుంది."

కాదు సార్, అదికాదు అని టాబిత గొణిగింది. ఆయన వినే స్థితిలో లేడు. కలం కోసం జేబులు తడుముకుంటున్నాడు. తనకోసం పై గీత వదిలేసిందని, పదకొండేళ్ళు తను మొండికేసుకు కూర్చున్నాడని, ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టి ఉంటే సరిపోయేదని, ఏదేదో అంటూ ఆ రాతి గోడకి కాగితం ఆనించి పై గీత మీద సంతకం పెట్టేశాడు. మళ్ళీ ఒక పది క్షణాలు. టాబిత నిజంగానే నోరు తెరిచింది. కాని రెండు గీతలూ నిండిన ఆ కాగితం, ఈ నాలుగేళ్ళలో ఆమె చూసిన అన్నిటికంటే అందంగా ఉంది. ఆమె నోరు తెరిచే ఉండగా ఆయన టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా, వెనక సందులోంచి ఇంటికి వెళ్ళిపోయాడు.

వీధి మలుపు తిరిగేసరికి టాబితకి తనమీద తనకే రోత పుట్టింది. పగ నాటకాల్లో విషం కలిపేవాడు కూడా ఇంత నిబ్బరంగా ఉండడు. ఇద్దరు మనుషుల్ని ఒక్క పూటలో చంపి, వాళ్ళ దుఃఖం మీద సంతకాలు చేయించుకుంది. ఇద్దరి దగ్గరికీ వెళ్ళి నిజం చెప్పేయాల్సిందేనని నిశ్చయించుకుంది. ముందు ఓల్డ్‌రాయిడ్ ఇల్లే దగ్గర, అటు బయల్దేరింది.

ఆయన ఇంటి మెట్ల మీద ఏడు పూలగుత్తులు, మాంసం కూరి కాల్చిన పై అనే వంటకంతో రెండు మూతపెట్టిన పళ్ళేలు ఉన్నాయి. ఆయన తరఫు చుట్టాలెవరైనా వస్తే ఆకలికి ఉంటుందని చర్చి వాళ్ళు పెట్టి, అక్కడి పద్ధతి ప్రకారం గంట కొట్టకుండా వెళ్ళిపోయినవి. చీటీల మీద "మాటల్లో చెప్పలేం" అని తప్ప ఇంకేమీ రాయలేదు. ఓల్డ్‌రాయిడ్ ఎర్రబడ్డ కళ్ళతో తలుపు తీశాడు.

"చూశావా టాబితా. నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. ఆవిడంటే నాకేమిటో ఊరందరికీ తెలుసన్నమాట. ఆవిడకి తప్ప."

ఉప్పు గిన్నె తొమ్మిది చేతులు మారడం వెనక ఇంత కథ ఉందని టాబిత కలలో కూడా అనుకోలేదు. అయినా ధైర్యం కూడదీసుకుంది.

"సార్, ప్రొఫెసర్ బెక్‌విత్ బతికే ఉన్నారు."

ఆయన జాలిగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు దైవశాస్త్రం చదివావు, నీకా నమ్మకం ఉంటుంది. ఉండాలి కూడా. నాకే లేకపోయింది, అమ్మాయ్. కాని సాయంత్రం చాపెల్‌కి వస్తాను. ముప్పై ఏళ్ళుగా గడప తొక్కలేదు. ఆవిడ కోసం వస్తాను." ఆ మాట అని మాంసం పై పళ్ళెం ఒకటి ఆమె చేతుల్లో పెట్టి, తనొక్కడే ఇంత తినలేనని చెప్పి తలుపేసుకున్నాడు.

ఆ పళ్ళెం పట్టుకుని టాబిత బెక్‌విత్ ఇంటికి వెళ్ళింది. ఈసారి తలుపు తీయగానే చెప్పేయాలి, పలకరింపులు వద్దు అనుకుంది. కాని తలుపు తీసిన ఆవిడ అప్పటికే మాట్లాడుతోంది. బల్ల మీద ఓల్డ్‌రాయిడ్ పుస్తకం ఆ ఫుట్‌నోట్ దగ్గర తెరిచి ఉంది. పక్కనే ఒక పాత నాటకం ప్రతి ఉంది, దాని చివరి పేజీలు అంటుకుని ఉన్నాయి, ఇప్పటిదాకా ఎవరూ కోసి విడదీయలేదు.

"ఆయన రాసింది నిజమే" అంది ఆవిడ. "ఐదో అంకం నేను చదవలేదు. సంపుటం తొందరగా ఇమ్మని అచ్చువాళ్ళు ప్రాణం తోడేశారు. నాలుగు అంకాలు చదివి, మిగతాది ఊహించి రాసేశాను. నిజమని తెలిసే కదా అంత కోపం వచ్చింది. ఈ మాట బతికున్న ఏ మనిషికీ చెప్పలేను. ఆయన లేడు కాబట్టి నీతో అనగలిగాను."

ఇప్పుడు ఆయన బతికున్నాడని చెబితే ఈవిడని నిలబెట్టి చంపినట్టే. టాబిత పళ్ళెం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఒకే ఒక్క ఆశ మిగిలింది. సాయంత్రం ఆరాధనకి ముందే చాపెల్ గుమ్మం దగ్గర నిలబడి, ఓల్డ్‌రాయిడ్‌ని లోపలికి రాకుండా ఆపాలి.

ఆరింటికల్లా చాపెల్ నిండిపోయింది. టాబిత గుమ్మం దగ్గరే నిలబడింది, కాని ఓల్డ్‌రాయిడ్ రాలేదు. చాపెల్ గడప తొక్కి ముప్పై ఏళ్ళయిన మనిషికి ఆరాధన వేళలు మారిన సంగతి తెలియదు. రెవరెండ్ పీల్ చెయ్యి పట్టుకుని ఆమెని ముందు వరుసలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆఖరి స్టూడెంటు చోటు అక్కడే అట. ఉర్సులా బెక్‌విత్ లేచి వేదిక ఎక్కింది. చేతిలో కాగితం ఉంది గాని ఆవిడ దాన్ని చూడలేదు.

"డాక్టర్ ఓల్డ్‌రాయిడ్ పదకొండేళ్ళ కిందట నా గురించి ఒక వాక్యం రాశారు. మీరందరూ చదివే ఉంటారు" అంది. నిజంగానే అందరూ చదివారు కాబట్టి అందరూ నేల చూశారు. "ఆయన రాసింది నిజం. నేను ఐదో అంకం చదవలేదు. క్షమించమని ఆయనే ఉత్తరం రాశారు. అడగాల్సింది నేను."

తలుపు కిర్రుమంది. ఓల్డ్‌రాయిడ్ నల్ల సూటులో, చేతిలో నాలుగు పేజీలు పట్టుకుని లోపలికి వచ్చాడు. తలుపు పక్కన నిలబడ్డ నటల్ ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, "గుడ్ ఈవెనింగ్ డాక్టర్" అని, ఆ తర్వాత గోడ పట్టుకున్నాడు. ఓల్డ్‌రాయిడ్ వేదిక వైపు చూశాడు. చేతిలో పేజీలు ఒకటొకటే జారి నేలమీద పడ్డాయి. వేదిక మీద ఆవిడ చలనం లేకుండా నిలబడిపోయింది. ఆర్గన్ వాయించేవాడి మోచేయి మీటల మీద పడి బొయ్యిమని ఒక అపస్వరం లేచి, కప్పుదాకా వెళ్ళి, నెమ్మదిగా అణగింది.

రెండువందల మంది ఉన్నారు అక్కడ. ఒక్కరు కూడా కిక్కురుమనలేదు. చివరి బెంచీలో ఒక ముసలాయన కాస్త జరిగి, పోయినాయన కూర్చోవడానికి చోటిచ్చాడు. ఏం చేయాలో పాలుపోని రెవరెండ్ పీల్ పాట సంఖ్య చెప్పాడు. అందరూ లేచి ఆరు చరణాలూ పాడారు. వేదిక మీద నిలబడి ఆవిడ కూడా పాడింది. దేవుడిమీద నమ్మకం లేని ఓల్డ్‌రాయిడ్ కూడా, కన్నీళ్ళు కారుతుండగా, రాగం ఒకదారి తనొకదారిగా పాడాడు.

జనం వెళ్ళిపోయాక వసారాలో ముగ్గురే మిగిలారు. గైడ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక వాన వంక చూస్తున్నారు. కాసేపటికి బెక్‌విత్‌కి ముందుగా కోపం తిరిగి వచ్చింది. పేర్లు ఇచ్చేది ఆ పెడ్లీయే కదా, ఆవిడకి చాదస్తం ముదిరింది, రేపే ఆ పనినుంచి తప్పిస్తానంది. టాబిత కళ్ళముందు, పొద్దున కాఫీ హాలు మూల కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్న ముసలావిడ కనిపించింది. ఆవిడకి వారమంతా మిగిలిన పని అదొక్కటే. ఊరుకుంటే కాగితం సంచిలో భద్రంగా ఉంది, రేపు పన్నెండింటికి ఇచ్చేస్తే పీడా పోతుంది. ఊరుకోవడం టాబిత వల్ల కాలేదు.

"పెడ్లీ గారు కాదు, నేను" అంది. అని, మొత్తం చెప్పేసింది. తెల్ల కార్డులు అయిపోవడం, పిల్లి, నాలుగో పేరు దగ్గర ఆగడం, కాఫీ బల్ల దగ్గర పది క్షణాలు, గేటు దగ్గర పది క్షణాలు, ఏదీ దాచలేదు. చివర్లో సంచిలోంచి కాగితం తీసి ఇద్దరి మధ్యా పట్టుకుంది. "ఇది మీరు చింపేసినా నేనేమీ అనను."

ఓల్డ్‌రాయిడ్ భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు. "ఐదో అంకంలో ఎవడూ నోరు మూసుకోడు. నాలుగేళ్ళు ఇదే కదా నీకు చెప్పింది" అన్నాడు. "నామీద మీకు కోపం లేదా అంటావేమో, లేదు. బతికుండగా నాకు ఇన్ని పూలు ఎవరిచ్చారు?"

టాబిత బెక్‌విత్ వైపు తిరిగింది. క్షమించమని అడగకముందే ఇచ్చేదే నిజమైన క్షమ అని రెండో సంపుటంలో ఆవిడ రాసిన వాక్యం టాబితకి కంఠతా వచ్చు. ఆ పేజీ తెల్ల కార్డు మీద ఎక్కించుకుంది కూడా.

"నేనూ క్షమించాను" అంది బెక్‌విత్ ప్రశాంతంగా. "సంతకం సంతకమే. వెనక్కి తీసుకోను. ఆ కాగితం ఇలా ఇయ్యి."

వైవాకి, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకి, పరీక్షకులెవరో రాసే గీత ఇంకా ఒకటి ఉంది. అక్కడ టాబిత పెన్సిలుతో ఒక మెతక పెద్దమనిషి పేరు రాసుకుంది, పుట్టి బుద్ధెరిగి ఎవరినీ పరీక్షలో తప్పించని మనిషి. బెక్‌విత్ దాన్ని శుభ్రంగా చెరిపేసి, సిరాతో ప్రొఫెసర్ ఇంగ్రిడ్ వాస్ అని రాసి, పక్కన తన పొడి సంతకం పెట్టింది. వాస్ ముందు కూర్చున్న చివరి ముగ్గురిలో ఇద్దరు చదువు మానేశారు, మూడోవాడు ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో తేనెటీగలు పెంచుతున్నాడు.

ఓల్డ్‌రాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరు చదివాడు.

"నలభై ఏళ్ళుగా పగ నాటకాలు చదువుతున్నాను ఉర్సులా. విషాలు చూశాను, కత్తులు చూశాను. ఇంత శుభ్రమైన పని ఎక్కడా చూడలేదు."

ఆ గీత చెల్లాలంటే ఇద్దరు గైడ్ల పొడి సంతకాలూ ఉండాలి. తనవైపు మాట్లాడతాడేమోనని టాబిత ఆశగా ఆయన వంక చూసింది. ఓల్డ్‌రాయిడ్ కలం తీసుకుని, ఆవిడ సంతకం కింద, సరిగ్గా కింద, తన పొడి సంతకం పెట్టాడు. బెక్‌విత్ దాన్ని చూసింది, ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఐదో అంకం తను చదివి వినిపిస్తాననీ, ఇంట్లో ఒక మాంసం పై కూడా ఉందనీ ఆయన అన్నాడు. తన ఇంట్లోనూ ఒకటుందని ఆవిడ అంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళిపోయారు. టాబిత నిండిన కాగితం పట్టుకుని వసారాలో నిలబడిపోయింది.

కాగితం సోమవారం పదకొండింటికే ఆఫీసుకి చేరింది. జనవరిలో వైవా నాలుగున్నర గంటలు సాగింది. ఇంగ్రిడ్ వాస్ నూట అరవై తప్పులు పట్టి, అన్నీ దిద్దించి, చివరికి పట్టా ఇవ్వచ్చని రాసింది. ఓల్డ్‌రాయిడ్, బెక్‌విత్ ఇప్పుడు బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చుంటారు, ఉప్పు నేరుగా చేతికే వస్తుంది. మిసెస్ పెడ్లీ పేర్లు సేకరిస్తూనే ఉంది, కాకపోతే ఇప్పుడు ఒక్కో ఇంటికీ రెండుసార్లు వెళుతోంది.

థీసిస్ అచ్చుకి వెళ్ళేముందు టాబిత కృతజ్ఞతల పేజీలో ఉన్న వాళ్ళందరికీ ఫోన్ చేసి, మీరు బతికే ఉన్నారు కదా అని అడిగింది. బార్నబీ తరఫున ఇంటావిడ సమాధానం చెప్పింది.